మందుల చీటీ నుంచే మొదలుపెట్టండి: చిన్న చిన్న పాఠాలతో ఇంగ్లీష్

మూడేళ్ల కింద మా అమ్మీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టి పంపారు. అందులో ఆరు మందుల పేర్లు, వాటి పక్కన ఎప్పుడు వేసుకోవాలో ఇంగ్లీష్‌లో టైపు చేసి ఉంది. మా తమ్ముడు డిగ్రీ పాసైనవాడు. వాడే కాగితం చూసి మాత్రలు డబ్బాలో సర్దిపెట్టాడు. ఒంట్లో నీరు తగ్గడానికి ఇచ్చిన మాత్ర రోజూ పొద్దున ఒకటి వేశాం. అయిదో రోజు అమ్మీ లేచి నిలబడబోయి, కళ్లు తిరిగి మంచం మీద కూలబడింది.

మళ్లీ తీసుకెళ్తే డాక్టరమ్మ ఆ కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "ఆల్టర్నేట్ డేస్" అని ఉంది. అంటే రోజు విడిచి రోజు. మేము రోజూ వేశాం. అల్లా దయ వల్ల అంతకు మించి ఏమీ కాలేదు.

తమ్ముడు ఆ రోజంతా మాట్లాడలేదు. వాడికి యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్ వచ్చు. డైరెక్ట్ స్పీచ్‌ని ఇండైరెక్ట్ స్పీచ్‌గా మార్చడం వచ్చు. రాత్రికి మెల్లగా ఒక మాటన్నాడు: "పద్నాలుగేళ్లు ఇంగ్లీష్ చదివిన భాయ్, ఈ ముక్క మాత్రం ఏ పుస్తకంలోనూ రాలే."

ఈ వ్యాసం ఆ మాట కోసమే. ఇంగ్లీష్ అంటే ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడటం అనుకుంటాం. అది తర్వాతి సంగతి. ముందు మన ఇంటికొచ్చిన కాగితం మనకు అర్థం కావాలి. ఆ దారిలో వెళ్తే మాట్లాడటం కూడా తొందరగానే వస్తుంది. దానికి పెద్ద కోచింగులు అక్కర్లేదు. రోజువారీ జీవితం మీద పది లైన్ల చిన్న పాఠం, రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

మీకు ఇప్పటికే చాలా ఇంగ్లీష్ వచ్చు

"నాకు ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు" అనే అక్కను కూర్చోబెట్టి, పొద్దున లేచినప్పటి నుంచి వాడే మాటలు చెప్పమనండి. స్విచ్, గ్యాస్, సిలిండర్, కుక్కర్, బస్, టికెట్, డ్యూటీ, లీవ్, ఫీజు, బిల్లు, రీచార్జ్, బ్యాలెన్స్, చార్జర్, సీరియల్, టైలర్, హుక్కు, ఫ్యాను, ఫ్రిజ్. గంటలో ఒక పేజీ నిండుతుంది. ఇవన్నీ ఇంగ్లీషే. తెలిసిన మాటలే, కాకపోతే వాక్యంలో పెట్టడం తెలియదు.

ఇంకో సంగతి. ఇంగ్లీష్ కూడా మన దగ్గర అప్పు చేసింది. పైజామా, బజార్, ఖాకీ, శాలువా, బంగ్లా మన దేశం వైపు నుంచి, పర్షియన్ ఉర్దూల దారిలో ఆ భాషలోకి వెళ్లినవే. తెలుగు పందికొక్కు అక్కడికి పోయి "బ్యాండికూట్" అయ్యింది. కాబట్టి ఆ భాష ముందు తల వంచుకుని నిలబడాల్సిన పని లేదు.

చిన్న పాఠమే ఎందుకు?

ఈ పద్ధతి కొత్తదేం కాదు. దీనికి మన ఉపఖండంతోనే పాత చుట్టరికం ఉంది. 1920లలో మైఖేల్ వెస్ట్ అనే ఇంగ్లీష్ ఆయన ఢాకాలో విద్యాశాఖలో పనిచేసేవాడు. అప్పటి బెంగాల్ పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లీష్ చదివినా ఒక మామూలు పుస్తకం చదవలేకపోవడం గమనించాడు. కారణం వెతికితే, పాఠాల్లో కొత్త మాటలు మరీ ఎక్కువగా, అదీ ఎప్పుడో గానీ పనికిరానివి, వరసగా వచ్చి పడుతున్నాయి. ఒక మాట నేర్చుకునేలోపే పది కొత్తవి వస్తాయి. అందుకని ఆయన మాటలు తక్కువగా ఉండి, అవే మళ్లీ మళ్లీ వచ్చేలా చిన్న రీడర్లు తయారు చేశాడు. తర్వాత 1953లో ఆయన కూర్చిన సుమారు 2000 ముఖ్యమైన మాటల జాబితా ప్రపంచమంతా ఇంగ్లీష్ టీచర్ల చేతికి వెళ్లింది.

అమెరికా రేడియో "వాయిస్ ఆఫ్ అమెరికా" కూడా 1959లో ఇదే దారి పట్టింది. దాదాపు 1500 మాటలతోనే, పొట్టి వాక్యాల్లో, నిదానంగా వార్తలు చదివేది. ఫిజీ దీవుల్లో 1980ల మొదట్లో ఒక ప్రయోగం జరిగింది. పల్లె బడుల్లో పిల్లలకు వ్యాకరణ డ్రిల్లులు తగ్గించి, తరగతి నిండా బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చారు. ఆ పిల్లలు చదవడంలోనే కాదు, వినడంలో, రాయడంలో కూడా మిగతా పిల్లల్ని దాటిపోయారు.

ఇందులో కిటుకు ఒక్కటే. చదివేదాంట్లో చాలా మాటలు ముందే తెలిసి ఉండాలి, కొత్తవి కొన్నే ఉండాలి. హాయిగా, ఎవరి సాయం లేకుండా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని ఈ రంగంలో పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. నేర్చుకోవడానికి చదివే పాఠమైతే వందలో నాలుగైదు కొత్తవి ఉన్నా ఫరవాలేదు. ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ తీసి కూర్చుంటే మొదటి లైన్‌లోనే నాలుగు కొత్త మాటలు తగులుతాయి. మూడో రోజుకు పేపర్ కిరాణా కొట్టుకు పోతుంది. తప్పు మీది కాదు, పాఠం సైజుది.

ఇప్పుడు మూడు పాఠాలు చూద్దాం. ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. మీరు నోట్‌బుక్కులో ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకోండి. స్పెల్లింగ్ రాకపోతే ఇంట్లో బడికెళ్లే పిల్లల్ని అడగండి, వాళ్లకూ సంబరమే.

మొదటి పాఠం: మందుల చీటీ

"టేక్ వన్ టాబ్లెట్ ట్వైస్ ఎ డే. టేక్ ఇట్ ఆఫ్టర్ ఫుడ్. డు నాట్ టేక్ ఇట్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్. ఇఫ్ యు ఫీల్ డిజీ, సిట్ డౌన్ అండ్ కాల్ ది డాక్టర్."

రోజుకు రెండు సార్లు ఒక్కో మాత్ర వేసుకోండి. తిన్న తర్వాత వేసుకోండి. ఖాళీ కడుపుతో వేసుకోవద్దు. కళ్లు తిరిగినట్టుంటే కూర్చుని డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఇంతే సంగతి.

నాలుగు వాక్యాల్లో ఎన్ని పనికొచ్చేవి ఉన్నాయో చూడండి. "వన్స్" ఒకసారి, "ట్వైస్" రెండుసార్లు, "త్రైస్" మూడుసార్లు. "బిఫోర్" ముందు, "ఆఫ్టర్" తర్వాత. "డైలీ" రోజూ, "వీక్లీ" వారానికోసారి, "ఆల్టర్నేట్ డేస్" రోజు విడిచి రోజు. సిరప్ సీసా మీద "షేక్ వెల్ బిఫోర్ యూజ్" అంటే వాడేముందు బాగా కలపమని. "ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ" అంటే పైపూతకు మాత్రమే, మింగకూడదు.

డాక్టర్లు చేత్తో రాసే పొట్టి అక్షరాలు కొన్ని ఉంటాయి. అవి లాటిన్ నుంచి వచ్చినవి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. నిజామాబాద్ వైపు మా ఖాలాకు ఇది చెబితే, "జిందగీ అంతా బీడీలు చుట్టిన, ఇప్పుడు మందు కూడా బీడీనా" అని పడీ పడీ నవ్వింది. ఆ మాట ఇక మరిచిపోదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చీటీ చదవడం నేర్చుకున్నా, కొత్త మందు వచ్చినప్పుడు మెడికల్ షాపులో ఒకసారి నోటితో చెప్పించుకోండి. మీరు చదివింది, వాళ్లు చెప్పింది ఒకటేనా అని సరిచూసుకోండి. అడగడం నామోషీ కాదు.

రెండో పాఠం: బడి నుంచి వచ్చిన మెసేజ్

"డియర్ పేరెంట్స్, ది స్కూల్ విల్ రిమైన్ క్లోజ్డ్ ఆన్ థర్స్‌డే. క్లాసెస్ విల్ రిజ్యూమ్ ఆన్ ఫ్రైడే. ప్లీజ్ పే ది ఫీ బిఫోర్ ది టెన్త్ టు అవాయిడ్ ఎ ఫైన్."

గురువారం బడికి సెలవు. శుక్రవారం నుంచి మళ్లీ క్లాసులు. జరిమానా పడకుండా పదో తారీఖులోపు ఫీజు కట్టండి. "రిమైన్ క్లోజ్డ్" అంటే మూసి ఉంటుంది. "రిజ్యూమ్" అంటే ఆగింది మళ్లీ మొదలవుతుంది. "ఫైన్" దగ్గర జాగ్రత్త. "ఐ యామ్ ఫైన్" అంటే బాగున్నాను. ఇక్కడ "ఫైన్" అంటే జుర్మానా. ఒకే మాట, రెండు అర్థాలు. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తెలుసుకోవాలి. ఇది జాబితాలు బట్టీ పడితే వచ్చేది కాదు, వాక్యాల్లో చదివితేనే వస్తుంది.

మూడో పాఠం: ఫోన్‌కు వచ్చే డబ్బు సంగతి

"యువర్ అకౌంట్ హాజ్ బీన్ డెబిటెడ్. ఇఫ్ యు డిడ్ నాట్ డు దిస్, కాల్ ది బ్యాంక్. డు నాట్ షేర్ యువర్ ఓటీపీ ఆర్ పిన్ విత్ ఎనీవన్."

మీ ఖాతా నుంచి డబ్బు పోయింది. అది మీరు చేసింది కాకపోతే బ్యాంకుకు ఫోన్ చేయండి. ఓటీపీ గానీ పిన్ గానీ ఎవరికీ చెప్పొద్దు. "డెబిటెడ్" అంటే పోయింది, "క్రెడిటెడ్" అంటే వచ్చింది. ఈ రెండు మాటల తేడా తెలియక ఇబ్బంది పడ్డవాళ్లు మన గల్లీల్లోనే ఉన్నారు.

యూపీఐలో "రిక్వెస్ట్" అని వస్తే అవతలివాడు మిమ్మల్ని డబ్బు అడుగుతున్నాడని. ఇస్తున్నాడని కాదు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. తీసుకోవడానికి పిన్ కొట్టే పనే లేదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి. ఇక "యువర్ అకౌంట్ విల్ బి బ్లాక్డ్ టుడే" అని భయపెట్టి కింద ఒక లింకు ఇస్తే, దాన్ని నొక్కకండి. సందేహం ఉంటే నేరుగా బ్యాంకుకే వెళ్లి అడగండి.

గల్ఫ్ వెళ్లేవాళ్లు, పంపేవాళ్లు మరో నాలుగు మాటలు రాసుకోండి. "బేసిక్ శాలరీ" అంటే అసలు జీతం, ఓవర్‌టైం, అలవెన్సులు కలపకుండా. "అకామడేషన్ ప్రొవైడెడ్" అంటే ఉండటానికి చోటు కంపెనీ ఇస్తుంది. "ఫుడ్ నాట్ ఇన్‌క్లూడెడ్" అంటే తిండి ఖర్చు మీది. "డిడక్టెడ్ ఫ్రమ్ శాలరీ" అంటే జీతంలోంచి కోస్తారు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ రకంది. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అలాంటి కాగితం మీద సంతకం చేసే ముందు మీరు చదవండి, తెలిసినవాళ్లతోనూ చదివించండి.

ఒక పాఠాన్ని ఎలా చదవాలి?

మొదటిసారి ఆగకుండా చివరిదాకా చదవండి. డిక్షనరీ ముట్టొద్దు. అర్థం కాని మాట కింద పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు పొండి. దేని గురించో తెలిస్తే చాలు.

రెండోసారి గీత పెట్టిన మాటల్ని చూడండి. ముందు మీరే ఊహించండి, తర్వాత ఫోన్‌లో అర్థం చూడండి. పాఠానికి అయిదు మాటల కంటే ఎక్కువ రాసుకోవద్దు. ఒక్క మాట కాకుండా, ఆ మాట ఉన్న వాక్యం మొత్తం రాసుకోండి.

మూడోసారి పైకి చదవండి. గది తలుపు వేసుకునైనా సరే, గొంతు బయటికి రావాలి. మనసులో చదివింది కంటికి తెలుస్తుంది, నాలుకకు తెలియదు.

నాలుగోసారి కాగితం మూసి, సంగతి మీ మాటల్లో చెప్పండి. మొదట తెలుగులోనో ఉర్దూలోనో చెప్పండి, తర్వాత ఇంగ్లీష్‌లో రెండు వాక్యాలైనా ప్రయత్నించండి.

చివరగా అదే అచ్చులో మీ జీవితాన్ని పోయండి. "ది స్కూల్ విల్ రిమైన్ క్లోజ్డ్ ఆన్ థర్స్‌డే" అని చదివారు కదా. మీకు కుట్టు దుకాణం ఉంటే "మై షాప్ విల్ రిమైన్ క్లోజ్డ్ ఆన్ ఫ్రైడే" అని రాయండి. చదివిన వాక్యం అప్పుడు మీ వాక్యం అవుతుంది.

మనకు ఎక్కడ తట్టుకుంటుంది?

తెలుగు, ఉర్దూ వేరు వేరు కుటుంబాల భాషలు. అయినా వాక్యం కట్టే పద్ధతిలో చాలావరకు ఒకేలా ఉంటాయి. అందుకే ఇంగ్లీష్‌లో మనందరికీ దాదాపు అవే తప్పులు వస్తాయి.

ఒకటి, క్రియ చోటు. "నేను బజారుకు వెళ్లాను", "మై బజార్కు గయా". రెండింట్లోనూ పని చెప్పే మాట చివర ఉంటుంది. ఇంగ్లీష్‌లో అది ఎవరు చేశారో చెప్పగానే వచ్చేస్తుంది: "ఐ వెంట్ టు ది మార్కెట్." పాఠం చదివేటప్పుడు ప్రతి వాక్యంలో క్రియ కింద గీత పెట్టండి. వారంలో ఆ చోటు కంటికి అలవాటవుతుంది.

రెండు, "నాకు". మనం "నాకు జ్వరం వచ్చింది" అంటాం, దక్కనీలో "మేరేకు బుఖార్ ఆయా" అంటాం. ఇంగ్లీష్‌లో "నాకు" పనికిరాదు. "ఐ హావ్ ఎ ఫీవర్" అనాలి. "నాకు ఆకలేస్తోంది" అంటే "ఐ యామ్ హంగ్రీ". "నాకు తెలియదు" అంటే "ఐ డోంట్ నో". మన నాకు, మేరేకు ఉన్న చోట చాలాసార్లు వాళ్ల "ఐ" వస్తుంది.

మూడు, అవసరం లేని "ఇంగ్". "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అనొద్దు. "ఐ హావ్ టూ బ్రదర్స్" చాలు. జరుగుతూ ఉన్న పనికే "ఇంగ్" పెట్టాలి: "షి ఈజ్ కుకింగ్."

నాలుగు, "లో", "మీద", "తో" లాంటివి. మనకు ఇవి మాట వెనక వస్తాయి: ఇంట్లో, ఘర్ మే. ఇంగ్లీష్‌లో ముందు వస్తాయి: "ఇన్ ది హౌస్".

ఉచ్చారణలో ఒకరికొకరు సాయం చేసుకోవచ్చు. ఉర్దూ ఇంట్లో పెరిగినవాళ్లకు "జూ", "జీరో"లో ఉండే ఆ గరగర శబ్దం జే అక్షరంతోనే వచ్చి ఉంటుంది, తెలుగువాళ్లకు కాస్త కష్టం. అటు మనవాళ్లలో కొందరు "ఇస్కూల్", "ఇస్టేషన్" అంటారు. ఇటు తెలుగులో "బస్సు", "కారు" అని చివర ఒక అచ్చు కలుస్తుంది. ఎవరినీ చూసి ఎవరూ నవ్వాల్సిన పని లేదు. ఉర్దూ లిపి మాత్రమే వచ్చిన పెద్దవాళ్లకు ఎడమ నుంచి కుడికి కన్ను జరపడమే మొదట కొత్త. వేలు పెట్టి చదివించండి, వారం పది రోజుల్లో అలవాటవుతుంది.

పాఠాలు ఎక్కడ దొరుకుతాయి?

మొదటి లైబ్రరీ మీ వంటగదే. సబ్బు డబ్బా, పాల ప్యాకెట్, కుక్కర్‌తో వచ్చిన కాగితం, కరెంటు బిల్లు. అన్నింటి మీదా చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలు ఉంటాయి.

ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి. నాలుగు స్థాయిలుగా విడదీశారు. చాలా కథలు ఇంగ్లీష్‌తో పాటు తెలుగులో, కొన్ని ఉర్దూలో కూడా దొరుకుతాయి. ఒకే కథ ముందు మన భాషలో చదివి, తర్వాత ఇంగ్లీష్‌లో చదివితే డిక్షనరీ అవసరమే పడదు. పిల్లల కథలని చిన్నచూపు చూడకండి. మొదటి స్థాయి నుంచే మొదలుపెట్టండి.

బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో పాఠంతో పాటు ఆడియో ఉంటుంది, విని అలాగే పలకొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్‌గా వచ్చాయి. మీ ఇంట్లో అలాంటివి ఉంటే అమ్మానాన్నలకు అంతకంటే మంచి రీడర్ లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. కూర్చుని చదవడానికి చోటుంది, ఎవరూ లేపరు.

వారం లెక్క

వారానికి మూడు పాఠాలు చాలు. సోమవారం కొత్త పాఠం, మంగళవారం అదే పాఠం పైకి చదవడం. బుధ, గురువారాలు రెండో పాఠం. శుక్ర, శనివారాలు మూడోది. ఆదివారం కొత్తది ఏమీ వద్దు, మూడు పాఠాలూ మళ్లీ ఒకసారి చదవండి. పాఠానికి అయిదు మాటలనుకుంటే వారానికి పదిహేను, ఏడాదికి 780. సగం మరిచిపోయినా దాదాపు నాలుగు వందలు మిగులుతాయి. చీటీలు, బిల్లులు, మెసేజ్‌లలో తిరిగే మాటలు చాలావరకు ఇందులోకి వచ్చేస్తాయి.

నెల రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తామని గోడల మీద రాసేవాళ్ల మాట నమ్మి వేలు పోయొద్దు. చదవడంతోనే అంతా వస్తుందని నేనూ అనను. మాట్లాడాలంటే మాట్లాడే మనిషి ఒకరు కావాలి. వదినో, ఆపానో, పక్కింటి అక్కో ఒకరిని జోడీ చేసుకోండి. ఇద్దరూ ఒకే పాఠం చదివి, సాయంత్రం అయిదు నిమిషాలు దాని గురించే మాట్లాడుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద అమ్మీ మందుల కాగితం అంటించి ఉంటుంది. పక్కన తమ్ముడు ఉర్దూలో అర్థం రాశాడు. నెల తిరిగేసరికి అమ్మీకి ఉర్దూ వైపు చూసే పని లేకుండా పోయింది. మొన్న కొత్త చీటీ వస్తే తనే కళ్లజోడు పెట్టుకుని వేలు కదుపుతూ చదివింది. ఒకచోట ఆగి, "ఇది ఆల్టర్నేట్ డేస్ కాదు కదా, ఒకసారి చూడు బేటా" అని తమ్ముణ్ని పిలిచింది. వాడు చూశాడు. కాదు, డైలీనే.

మీ ఇంట్లో కూడా ఈ రోజు ఒక కాగితం ఉండే ఉంటుంది. తీసి, మొదటి వాక్యం పైకి చదవండి.